నకలు దిద్దితే అసలు మారుతుందా?

ఊరగాయలు అమ్మే ఒక వెబ్‌సైట్ ఉందనుకుందాం. ఆవకాయ సీసాలు 10 ఉన్నాయి. ఎవరో 3 కొన్నారు. డేటాబేసులో 10 ఉన్నచోట 7 పడాలి. వెబ్‌సైట్లు కట్టే జాంగో అనే సాధనం వాడే పైథాన్ ప్రోగ్రామర్లు ఈ పనికి మూడు లైన్లు రాస్తారు. మొదటి లైనులో 42వ నంబరు సరుకును తెప్పించుకుంటారు. రెండో లైనులో దాని నిల్వలోంచి 3 తీసేస్తారు. మూడో లైనులో సేవ్ అంటారు. పని అయిపోయింది. టేబుల్ పేరు ఎత్తనక్కర్లేదు, డేటాబేసుకు అర్థమయ్యే ఎస్‌క్యూఎల్ భాషలో ఒక్క ముక్క రాయనక్కర్లేదు.

పనిని ఇంత తేలిక చేసిపెట్టే సాధనాన్ని ఆబ్జెక్ట్ రిలేషనల్ మ్యాపర్ అంటారు. పొట్టిగా ఓఆర్‌ఎం. మనం రోజూ వాడే వెబ్‌సైట్లు, యాప్‌లలో చాలావాటి వెనక ఏదో ఒక ఓఆర్‌ఎం పనిచేస్తూ ఉంటుంది. కొత్త రికార్డు చేర్చమన్నా, ఉన్నది చూపించమన్నా దానికి పెద్ద కష్టం లేదు. ఉన్న రికార్డును మార్చమన్నప్పుడే తకరారు మొదలవుతుంది. మార్చాలంటే ముందు చదవాలి, తర్వాత రాయాలి. చదవడానికీ రాయడానికీ మధ్య లోకం ఆగి ఎదురుచూడదు.

మన మూడు లైన్లలో రెండోది నడిచాక డేటాబేసులో ఎంత ఉంటుంది? ఇంకా 10 అనే ఉంటుంది. మారింది మన ప్రోగ్రాం మెమరీలోకి వచ్చిన నకలు మాత్రమే. పట్టాదారు పాసుపుస్తకం జిరాక్సు మీద ఎకరాలు దిద్దుకున్నంత మాత్రాన తహసీల్దారు ఆఫీసులో రికార్డు మారదు కదా, ఇదీ అంతే. మూడో లైనులో సేవ్ అన్నప్పుడే ఓఆర్‌ఎం ఒక ఎస్‌క్యూఎల్ వాక్యం కట్టి, నెట్‌వర్కు మీదుగా డేటాబేసు సర్వరుకు పంపిస్తుంది. ఆ వాక్యాన్ని తెలుగు లిపిలో రాసుకుంటే దాదాపు ఇలా ఉంటుంది:

అప్‌డేట్ సరుకులు సెట్ పేరు = 'ఆవకాయ', ధర = 250, నిల్వ = 7, వివరణ = 'గుంటూరు కారంతో' వేర్ ఐడీ = 42

ఈ వాక్యాన్ని రెండోసారి చదవండి. మనం ముట్టుకున్నది నిల్వ ఒక్కదాన్నే. పేరు, ధర, వివరణ కూడా ఎందుకు వెళ్లాయి? అదొకటి. నిల్వలోంచి 3 తగ్గించమని ఈ వాక్యంలో ఎక్కడా లేదు, నిల్వను 7 చెయ్యమని ఉంది. అది రెండోది. ఇకముందు చెప్పబోయే గొడవలు చాలావరకు ఈ రెంటిలోంచి పుట్టినవే.

అసలీ నకళ్ల వ్యవహారం ఎక్కణ్ణుంచి వచ్చిందో కొంచెం చూద్దాం. 1970 జూన్‌లో, కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఐబీఎం పరిశోధనశాలలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ ఒక పరిశోధన పత్రం ప్రచురించాడు. సమాచారాన్నంతా పట్టికల రూపంలో పెట్టుకోవచ్చనీ, ఏం కావాలో అడిగితే చాలు, అది డిస్కులో ఏ మూల ఉందో అడిగేవాడికి తెలియనక్కర్లేదనీ దాని సారాంశం. 1974లో అదే ఐబీఎంలో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ ఆ పట్టికలను ప్రశ్నించడానికి ఒక భాషను తయారుచేశారు. సీక్వెల్ పేరుతో మొదలై ఎస్‌క్యూఎల్‌గా స్థిరపడింది అదే. ఇంకోపక్క నార్వేలో ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ 1960లలోనే సిమ్యులా భాషతో ఆబ్జెక్టుల పద్ధతికి నాంది పలికారు. పట్టికలో అంతా వరుసలూ కాలమ్‌లే. ఆబ్జెక్టుల్లో అలా కాదు, ఆర్డరు ఆబ్జెక్టు తన కొనుగోలుదారును పట్టుకుని ఉంటుంది, ఆ కొనుగోలుదారు తన చిరునామాలను పట్టుకుని ఉంటాడు. రెండూ గట్టి ఆలోచనలే. ఒకదాని ఆకారం మాత్రం ఇంకోదానికి అతకదు. వ్యాపార సాఫ్ట్‌వేరంతా ఆబ్జెక్టుల భాషల్లోకి మారి, సమాచారం మాత్రం పట్టికల్లోనే ఉండిపోయేసరికి, ఈ రెంటికీ మధ్య దుబాసీ పని ప్రోగ్రామర్ల నెత్తిన పడింది.

ఆ దుబాసీ పనిని యంత్రానికి అప్పజెప్పే ప్రయత్నాలు 1990ల్లోనే జరిగినా, 2001లో గవిన్ కింగ్ మొదలుపెట్టిన హైబర్నేట్‌తో జావా లోకమంతా అటు తిరిగింది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ‘స్ప్రింగ్, హైబర్నేట్’ అని జంటగా చదివిన జ్ఞాపకం హైదరాబాదులో ఉద్యోగం వెతుక్కున్న ఒక తరానికి ఉండే ఉంటుంది. 2004లో తన సొంత ఓఆర్‌ఎంతో రూబీ ఆన్ రైల్స్ (పొట్టిగా రైల్స్) అనే వెబ్ సాధనం వచ్చింది. 2005లో జాంగో వచ్చింది, అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో లారెన్స్ అనే ఊరి దినపత్రిక ఆఫీసులో పుట్టి. 2006లో మైక్ బేయర్ పైథాన్‌కే ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ అనే ఇంకో ఓఆర్‌ఎం ఇచ్చాడు. ఆ ఏడాదే టెడ్ న్యూవార్డ్ అనే రచయిత ఓఆర్‌ఎంలను ఏకంగా వియత్నాం యుద్ధంతో పోల్చాడు. దిగేటప్పుడు గెలుపు చేతికందేలా ఉంటుంది, లోపలికి పోయేకొద్దీ బయటపడే దారి మూసుకుపోతుందని ఆయన వాదన. ఆ పోలిక నాకు కొంచెం అతిగానే తోస్తుంది. ఓఆర్‌ఎం లేకుండా చేత్తో రాసిన ఎస్‌క్యూఎల్ ఎన్ని ఘోరాలు చెయ్యగలదో చూసినవాళ్లు అంత మాట అనరు. అయినా రికార్డు మార్చే పని వరకు ఆయన కోపానికి కారణాలు లేకపోలేదు.

ఏం మారిందో ఎలా తెలుస్తుంది?

సేవ్ అన్నప్పుడు ఏయే కాలమ్‌లు మారాయో ఓఆర్‌ఎం కనిపెట్టాలి. ఈ ఒక్క ప్రశ్నకు ఒక్కో ఓఆర్‌ఎం ఒక్కో జవాబిచ్చింది.

హైబర్నేట్ డేటాబేసు నుంచి ఒక వరుస తెచ్చినప్పుడు మనకొక ఆబ్జెక్టు ఇచ్చి, అందులోని విలువలనే ఇంకో ప్రతిగా తన దగ్గర దాచుకుంటుంది. ట్రాన్సాక్షన్, అంటే జరిగితే మొత్తం జరగాల్సిన పనుల కట్ట, ముగిసే ముందు ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి ఒక్కో గుణాన్నీ పోల్చి చూస్తుంది. తేడా కనబడితే అప్‌డేట్ వాక్యం పంపిస్తుంది. దీనివల్ల ఒక విచిత్రం జరుగుతుంది. మీరు సేవ్ అనకపోయినా సేవ్ అయిపోతుంది. తెరమీద అందంగా కనిపించడానికి పేరులో అక్షరాలు పెద్దవి చేసి, ఆ తర్వాత ఆ సంగతే మర్చిపోయారనుకోండి. ట్రాన్సాక్షన్ కమిట్ అయ్యేసరికి, అంటే ఖరారయ్యేసరికి, పెద్దక్షరాల పేరు డేటాబేసులో కూర్చుని ఉంటుంది. హైబర్నేట్ కొత్తగా నేర్చుకునేవాళ్లు ఒక్కసారైనా దీని బారిన పడతారు. ఇంకో ఖర్చు కూడా ఉంది. రిపోర్టు కోసం 5,000 రికార్డులు తెస్తే, ఒక్కదాన్నీ మార్చకపోయినా చివర్లో 5,000 పోలికలూ జరుగుతాయి. చదవడానికి మాత్రమే తెస్తున్నామని ముందే చెబితే ఆ శ్రమ తప్పుతుంది.

ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ దారి వేరు. అది ప్రతి గుణానికీ గుమ్మం దగ్గర ఒక కాపలా పెడుతుంది. మీరు నిల్వకు కొత్త విలువ ఇవ్వగానే ఆ కాపలా పాత విలువను రాసిపెట్టుకుంటుంది. చివర్లో పోల్చి చూడాల్సిన పని లేదు, ఏవి మారాయో చిట్టా ముందే తయారై ఉంటుంది. వాక్యంలో కూడా మారిన కాలమ్‌లే వెళతాయి. చక్కటి పద్ధతే, ఒక్క చిల్లు ఉంది. సరుకు వివరాలను జేసన్ అనే పేరు-విలువల జతల రూపంలో ఒకే కాలమ్‌లో పెట్టుకున్నారనుకుందాం, అందులో బరువు, నూనె రకం, తయారీ నెల వగైరా. బరువును 500 నుంచి 250కి మార్చారు. కాపలా ఉన్నది వివరాలు అనే గుమ్మం దగ్గర. మీరు ఆ గుమ్మం తొక్కలేదు, అంతకుముందే బయటికి తెచ్చుకున్న డిక్షనరీలో ఒక గదిని మార్చారు. కాపలాకు ఏమీ తెలియదు. కమిట్ చేస్తే అప్‌డేట్ వెళ్లదు, ఎర్రర్ రాదు, మెమరీలో 250 కనిపిస్తూనే ఉంటుంది, డేటాబేసులో 500 ఉండిపోతుంది. దీనికి విరుగుడుగా లోపలి మార్పులను కూడా పైకి చెప్పే ప్రత్యేక డిక్షనరీ రకం ఒకటి ఇచ్చారు. ముందుగా దాన్ని వాడుతున్నట్టు ప్రకటించాలి.

జాంగో వీటిలో ఏదీ చెయ్యదు. అది దేన్నీ గమనించదు, దేన్నీ పోల్చదు. సేవ్ అంటే ఉన్న కాలమ్‌లన్నీ రాసేస్తుంది. మన ఆవకాయ వాక్యంలో పేరు, ధర కూడా ఎందుకు వెళ్లాయో ఇప్పుడు తెలిసింది కదా. నిజానికి హైబర్నేట్ కూడా మార్పు ఉందని తెలుసుకున్నాక, మామూలుగా అన్ని కాలమ్‌లతోనే వాక్యం పంపుతుంది. ఎప్పుడూ ఒకే ఆకారంలో ఉండే వాక్యాన్ని ఒకసారి సిద్ధంచేసి పెట్టుకుని మళ్లీ మళ్లీ వాడుకోవచ్చని దాని లెక్క. మారినవే పంపమని కావాలంటే అడగాలి.

మాయమైన మూడు సీసాలు

ఒకే క్షణంలో రెండు ఆర్డర్లు వచ్చాయి. విజయవాడ నుంచి ఒకరు 3 సీసాలు, డాలస్ నుంచి ఇంకొకరు 2. సర్వర్లో రెండు ప్రోగ్రాములు పక్కపక్కనే నడుస్తున్నాయి. మొదటిది చదివింది, నిల్వ 10. రెండోదీ చదివింది, దానికీ 10. మొదటిది 3 తీసేసి 7 అని రాసింది. రెండోది తన దగ్గరున్న 10లోంచి 2 తీసేసి 8 అని రాసింది. గోదాములో మిగిలినవి 5. డేటాబేసులో 8. ఎక్కడా ఎర్రర్ లేదు, లాగ్‌లో ఎర్రగీత లేదు. విజయవాడ ఆర్డరు తాలూకు తగ్గింపు గాల్లో కలిసిపోయింది. డేటాబేసుల పాఠ్యపుస్తకాల్లో దీన్ని లాస్ట్ అప్‌డేట్ అంటారు.

దీనికి తోబుట్టువు ఇంకొకటుంది, దాన్ని పట్టుకోవడం మరీ కష్టం. ఆఫీసులో ఎవరో ఆవకాయ ధర 250 నుంచి 280కి పెంచారు. అదే సమయానికి ఒక ఆర్డరు ప్రోగ్రాం పాత నకలు చేతిలో పట్టుకుని ఉంది. అందులో ధర 250. అది నిల్వ తగ్గించి సేవ్ అనగానే అన్ని కాలమ్‌లతో పాటు ధర కూడా వెళ్లి, 280 మళ్లీ 250 అయిపోయింది. ఆర్డరు కోడులో ధర అనే మాటే లేదు. ఎంత వెతికినా ధర మార్చిన లైను దొరకదు. పెంచినాయన పెంచానని ఒట్టు పెడతాడు, తెరమీద చూస్తే పెరగలేదు. దీనికి మందు సులువే. జాంగో 1.5 వెర్షన్ నుంచి సేవ్‌కు ఏయే ఫీల్డులు రాయాలో పేర్లు చెప్పొచ్చు. నిల్వ ఒక్కటే రాయమంటే ధర జోలికి పోదు. ఇది అలవాటుగా రాయాల్సిన సంగతని నా అభిప్రాయం. ఏదీ చెప్పకపోతే అన్నీ రాయడమన్న పద్ధతి చిన్న ప్రోగ్రాములకు హాయిగా ఉంటుంది గానీ, నలుగురు ఒకేసారి ముట్టుకునే రికార్డుకు పనికిరాదు.

సీసాల లెక్క తప్పడం సంగతికొస్తే, చాలామంది వెంటనే చెప్పే జవాబు ట్రాన్సాక్షన్‌లో పెట్టమని. పెట్టి చూద్దాం. ట్రాన్సాక్షన్లను ఒకదాన్నుంచి ఇంకోదాన్ని ఎంత విడిగా ఉంచాలన్నదానికి స్థాయిలున్నాయి, పోస్ట్‌గ్రెస్ డేటాబేసు మామూలుగా రీడ్ కమిటెడ్ అనే స్థాయిలో నడుస్తుంది. రెండు ట్రాన్సాక్షన్లూ 10 చదువుతాయి. మొదటిది అప్‌డేట్ చేసి ఆ వరుసకు తాళం వేస్తుంది. రెండోది తన అప్‌డేట్‌తో వచ్చి తాళం దగ్గర ఆగుతుంది. మొదటిది కమిట్ అవుతుంది, తాళం తీస్తుంది. రెండోది లోపలికి వెళ్లి, నిల్వను 8 చెయ్యమన్న ఆజ్ఞను నమ్మకంగా అమలుచేస్తుంది. కాస్త క్యూ కట్టారు తప్ప ఫలితం అదే. రిపీటబుల్ రీడ్ అనే పై స్థాయికి వెళితే పోస్ట్‌గ్రెస్ రెండోదాన్ని ఎర్రర్‌తో తిప్పికొడుతుంది, మంచిదే. మైసీక్వెల్ వాడే ఇన్నోడీబీ మామూలుగానే రిపీటబుల్ రీడ్‌లో ఉంటుంది, పేరు అదే, కానీ అది ఈ తప్పును ఆపదు. ట్రాన్సాక్షన్ చేసే పని మొత్తం జరగాలి లేదా మొత్తం రద్దు కావాలి అన్నది చూసుకోవడం. పాతబడ్డ నకలును చూసి లెక్క కట్టకుండా ఆపడం దానంతటది చెయ్యదు.

అసలు మందు వాక్యాన్నే మార్చడం. నిల్వను ఇంత చెయ్యి అనే బదులు నిల్వలోంచి ఇంత తగ్గించు అని పంపాలి:

అప్‌డేట్ సరుకులు సెట్ నిల్వ = నిల్వ - 3 వేర్ ఐడీ = 42

ఇప్పుడు లెక్క చేసేది డేటాబేసు. అదీ తాళం తన చేతిలో ఉన్నప్పుడు, ఆ క్షణాన అసలు రికార్డులో ఉన్న అంకె మీద. విజయవాడ ఆర్డరు 10ని 7 చేస్తే, తాళం దగ్గర ఆగిన డాలస్ ఆర్డరు లోపలికొచ్చి 7ను 5 చేస్తుంది. జాంగోలో ఎఫ్ ఎక్స్‌ప్రెషన్ అనేది ఇందుకే ఉంది. నిల్వకు అంకె బదులు ‘నిల్వ కాలమ్‌లో 3 తక్కువ’ అనే సూత్రాన్నే ఇస్తాం. ఎస్‌క్యూఎల్ ఆల్కెమీలోనూ అంకె ఉండాల్సిన చోట కాలమ్‌తో కట్టిన సూత్రం పెట్టొచ్చు. ఒక మెలిక మాత్రం ఉంది. జాంగో చాలా వెర్షన్లలో, సేవ్ అయ్యాక కూడా ఆ సూత్రం ఆబ్జెక్టుకు అంటుకునే ఉంటుంది. అదే ఆబ్జెక్టును ఇంకో కారణంతో మళ్లీ సేవ్ చేస్తే ఇంకో మూడు సీసాలు తగ్గుతాయి. మధ్యలో డేటాబేసు నుంచి ఒకసారి తాజా విలువలు తెచ్చుకోవాలి.

ఇంకా ఒక చిక్కుంది. నిల్వ 2 మాత్రమే ఉన్నప్పుడు 3 తగ్గిస్తే ఋణసంఖ్య వస్తుంది. ముందు చదివి, సరిపడా ఉందో చూసి, తర్వాత తగ్గిద్దామంటే మళ్లీ పాత గుంటలోనే పడతాం. ఆ షరతును కూడా వాక్యంలోనే చేర్చాలి: వేర్ ఐడీ = 42 అండ్ నిల్వ >= 3. ఇలా పంపాక డేటాబేసు ఒక అంకె తిరిగిస్తుంది, ఎన్ని వరుసలు ఈ వాక్యానికి లోబడ్డాయని. 1 అంటే సీసాలు దొరికాయి. 0 అంటే సరుకు లేదు, కొనేవారికి సంగతి చెప్పాలి.

ఆ అంకెను చాలామంది పట్టించుకోరు. నా దృష్టిలో అప్‌డేట్ వ్యవహారమంతటికీ ప్రాణం అదే. దాన్ని డేటాబేసులన్నీ ఒకేలా లెక్కపెట్టవు కూడా. మైసీక్వెల్ మామూలుగా నిజంగా విలువ మారిన వరుసలనే లెక్కిస్తుంది. 7 ఉన్నచోట మళ్లీ 7 రాస్తే వరుస దొరికినా 0 అంటుంది. జాంగో ఈ సంగతి తెలిసే, మైసీక్వెల్‌కు కనెక్ట్ అయ్యేటప్పుడే దొరికిన వరుసల లెక్క చెప్పమని ఒక జెండా ఎత్తి మరీ వెళుతుంది. అలా ఎత్తకపోతే ఏమయ్యేదో ఊహించవచ్చు. ఐడీ ఉన్న ఆబ్జెక్టును సేవ్ చేసినప్పుడు జాంగో ముందు అప్‌డేట్ పంపి, 0 అని వస్తే ఆ రికార్డే లేదనుకుని కొత్తగా ఇన్సర్ట్ చేస్తుంది.

ఈ పద్ధతికి ఒక కొసరు ఫలితం ఉంది. మీరు నకలు పట్టుకుని ఉండగా ఇంకెవరో ఆ సరుకును తీసేశారు. మీరు సేవ్ అన్నారు. అప్‌డేట్‌కు 0 వచ్చింది. జాంగో ఇన్సర్ట్ చేసింది. తీసేసిన ఆవకాయ అదే 42వ నంబరుతో మళ్లీ లేచి కూర్చుంది. అప్‌డేట్ మాత్రమే చెయ్యమని సేవ్‌కు గట్టిగా చెబితే, రికార్డు లేనప్పుడు ఎర్రర్ వస్తుంది. రాయాల్సిన ఫీల్డుల పేర్లు ఇచ్చినా అంతే.

తాళమా, నమ్మకమా

తగ్గించు, పెంచు అని చెప్పగలిగే మార్పులు అంకెలకే కుదురుతాయి. ఒక ఉద్యోగి సరుకు వివరణను తిరగరాస్తుంటే, అదే సమయానికి ఇంకో ఉద్యోగి దాన్ని ఇంకోలా రాస్తుంటే, ఏ సూత్రం పంపుతాం? ఇక్కడ రెండు దారులున్నాయి.

మొదటిది తాళం. చదివేటప్పుడే ‘దీన్ని మార్చబోతున్నాను’ అని చెప్పి చదవడం. ఎస్‌క్యూఎల్‌లో సెలెక్ట్ ఫర్ అప్‌డేట్ అంటారు, చాలా ఓఆర్‌ఎంలలో దీనికొక పిలుపు ఉంది. మొదట వచ్చినవారు పని ముగించేదాకా తర్వాతి వారు వాకిట్లో ఆగాలి. మిల్లీసెకన్లలో తేలే పనికి ఇది దివ్యంగా ఉంటుంది. మనిషి ఫారం తెరిచి, సగం నింపి, భోజనానికి వెళ్లే పనికి ఇది పెట్టారంటే ఆఫీసంతా ఆయన తిరిగొచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి.

రెండోదానికి మూలం 1981లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి హెచ్.టి. కుంగ్, జాన్ రాబిన్సన్ రాసిన పత్రం. ఎక్కువసార్లు ఎవరూ ఎవరికీ అడ్డుపడరు కాబట్టి, ముందే తాళం వేయకుండా పని చేసుకుపోదాం, రాసే ముందు మాత్రం ఎవరైనా అడ్డొచ్చారేమో చూసుకుందామన్నది వాళ్ల ఆలోచన. ఆప్టిమిస్టిక్ పద్ధతి అని పేరు. ఓఆర్‌ఎంలలో ఇది వెర్షన్ అనే ఒక అదనపు కాలమ్‌గా దిగింది. రికార్డు చదివినప్పుడు వెర్షన్ 5 అనుకోండి. రాసేటప్పుడు వాక్యం చివర ‘వేర్ ఐడీ = 42 అండ్ వెర్షన్ = 5’ అని, మధ్యలో ‘వెర్షన్ = 6’ అని ఉంటుంది. ఈలోగా ఎవరైనా మార్చి ఉంటే అక్కడ 5 ఉండదు, 0 వరుసలని జవాబొస్తుంది. మళ్లీ ఆ అంకే! హైబర్నేట్ అప్పుడు మీ ఆబ్జెక్టు పాతబడిందని ఎర్రర్ ఇస్తుంది. రైల్స్‌లో టేబుల్‌కు లాక్ వెర్షన్ అనే కాలమ్ చేరిస్తే చాలు, అదే చూసుకుంటుంది. జాంగోలో ఇది పుట్టుకతో లేదు, సొంతంగా రాసుకోవాలి.

వెర్షన్ కాలమ్ పెట్టి కూడా దాన్ని నీరుగార్చడం చాలా సులభం. అది ఎలా జరుగుతుందో దగ్గర్నుంచి చూద్దాం. ఉదయం 11 గంటలకు ఉద్యోగి దిద్దుబాటు పేజీ తెరిచారు, అప్పుడు వెర్షన్ 5. పావుగంటలో ఇంకొకరు మార్చారు, వెర్షన్ 6 అయింది. పన్నెండింటికి మొదటి ఉద్యోగి సబ్మిట్ నొక్కారు. సర్వర్లో ప్రోగ్రాం ఏం చేస్తుంది? 42వ సరుకును డేటాబేసు నుంచి తాజాగా తెస్తుంది, వెర్షన్ 6తో. దాని మీద ఫారంలోని విలువలు వేస్తుంది. సేవ్ అంటుంది. వెర్షన్ 6 అని అడిగితే అక్కడ 6 ఉంది, అంతా సవ్యం. రెండో ఉద్యోగి రాసింది పోయింది, కాపలా కాయాల్సిన వెర్షన్ కళ్లు తెరుచుకునే ఉంది. చదివిన సమయం అంటే మనిషి కంటితో చదివిన 11 గంటలు. ఆ 5ను పేజీలో దాచిన ఫీల్డుగా పంపి, సబ్మిట్‌తో పాటు వెనక్కి తెచ్చుకుని, దానితోనే పోల్చాలి. ఈ ఒక్క దాచిన ఫీల్డు లేకుండా వెర్షన్ కాలమ్‌లు పెట్టుకున్న ప్రాజెక్టులు చాలానే ఉంటాయి.

పాతబడిందని తెలిశాక ఏం చెయ్యాలన్నది ఓఆర్‌ఎం చెప్పదు. మళ్లీ మొదట్నుంచి నింపమని చెప్పి అరగంట శ్రమను చెత్తబుట్టలో వేసే సైట్లు చూశాం. రెండు రూపాలనూ పక్కపక్కన చూపించి ఏది ఉంచాలో అడగడం మర్యాద.

పదివేల సరుకుల ధరలను 5 శాతం పెంచాలన్నప్పుడు ఇంకో రకం సమస్య వస్తుంది. లూప్ పెట్టి ఒక్కోదాన్నీ మార్చి సేవ్ అంటే పదివేల వాక్యాలు, పదివేలసార్లు నెట్‌వర్కు మీద పోయి రావడం. ఒక్కో రాకపోకకు ఒక మిల్లీసెకను వేసుకున్నా 10 సెకన్లు అందులోనే పోతాయి. అదే పనిని ‘ధర = ధర * 1.05’ అని ఒకే వాక్యంతో డేటాబేసుకు అప్పగించవచ్చు. జాంగోలో క్వెరీసెట్ మీద అప్‌డేట్, రైల్స్‌లో అప్‌డేట్ ఆల్ ఉన్నది ఇందుకే. ఈ దారిలో ఆబ్జెక్టులు అసలు పుట్టవు. కాబట్టి సేవ్‌తో పాటు జరగాల్సిన పనులేవీ జరగవు. ధర మారితే కొనుగోలుదారులకు మెయిల్ పంపే కోడు సేవ్‌కు కట్టి ఉంటే మెయిల్ వెళ్లదు. చివరిసారి మార్చిన సమయాన్ని దానంతటదే నింపే కాలమ్ కూడా పాత తేదీతోనే ఉంటుంది, ఆ కాలమ్‌ను మీరే చేత్తో చేర్చాలి. అంతకుముందే మెమరీలో ఉన్న నకళ్లకు కూడా ఈ పెంపు తెలియదు.

ఇవన్నీ గుర్తుపెట్టుకునే కన్నా, ఓఆర్‌ఎం పంపే వాక్యాలను కళ్లారా చూసే ఏర్పాటు చేసుకోవడం నయం. ఎస్‌క్యూఎల్ ఆల్కెమీలో ఎకో అనే ఒక్క స్విచ్చు వేస్తే ప్రతి వాక్యమూ తెరమీద పడుతుంది. హైబర్నేట్‌లో షో ఎస్‌క్యూఎల్ ఉంది. జాంగో డీబగ్ స్థితిలో ఉన్నంతసేపు పంపిన క్వెరీలన్నీ జాబితాగా దాచుకుంటుంది.

ఏ కాలమ్ మారాలో ఎవరు నిర్ణయిస్తారన్నది ఇంకా మిగిలింది. వెబ్ ఫారం నుంచి వచ్చిన విలువలన్నిటినీ మూటగా ఆబ్జెక్టుకు ఇచ్చి సేవ్ అనడం రైల్స్‌లో ఒక్క లైను పని. మాస్ అసైన్‌మెంట్ అంటారు. ఫారంలో మీరు పేరు, వివరణ అనే రెండు గదులే పెట్టినా, బ్రౌజరు నుంచి పంపేవారు మూడో గదిని తామే చేర్చి పంపగలరు. మూడో గది పేరు, టేబుల్‌లోని కాలమ్ పేరు ఒకటే అయితే ఓఆర్‌ఎం అమాయకంగా దాన్నీ రాసేస్తుంది. 2012 మార్చిలో ఎగోర్ హొమకోవ్ అనే రష్యన్ ప్రోగ్రామరు ఈ సంగతిని రైల్స్ బృందానికి చెప్పి చూశాడు. అది వాడుకునేవాళ్ల జాగ్రత్తకు సంబంధించిందన్నట్టు పక్కన పెట్టారు. రైల్స్ సోర్స్ కోడు ఉన్నది ప్రోగ్రామర్లు కోడు దాచుకునే గిట్‌హబ్ అనే సైటులో. గిట్‌హబ్ నడిచేదీ రైల్స్ మీదే. ఆయన ముందు తన ఫిర్యాదు సృష్టించిన తేదీ కాలమ్‌నే మార్చి, వెయ్యేళ్ల తర్వాత రాసినట్టు చూపించాడు. తర్వాత, కోడు పంపేవారిని గుర్తుపట్టే తన పబ్లిక్ కీ చేర్చే ఫారంలో యూజర్ ఐడీ అనే గదిని అదనంగా కలిపి, ఆ కీ రైల్స్ బృందానికి చెందినట్టు నమోదు చేయించి, రైల్స్ కోడులోకే ఒక కమిట్, అంటే ఒక కోడు మార్పు, తోశాడు. గిట్‌హబ్ ఆయన ఖాతాను కొద్దికాలం ఆపి, రంధ్రం పూడ్చి, ఖాతా తిరిగిచ్చింది.

2013లో వచ్చిన రైల్స్ 4, ఫారం నుంచి ఏయే గదులను అనుమతిస్తున్నారో ఫారాన్ని అందుకునే కోడులో (కంట్రోలరులో) పేరుపేరునా చెబితే తప్ప మూటను ఆబ్జెక్టు మీద వెయ్యనివ్వలేదు. జాంగో మోడల్ ఫారాలదీ అదే దారి. 1.6లో హెచ్చరిక మొదలైంది, 1.8 నుంచి ఏ ఫీల్డులు కావాలో, లేదా ఏవి వద్దో రాయకపోతే ప్రోగ్రాం ఎర్రర్‌తో ఆగిపోతుంది. అన్నీ కావాలంటే ‘ఆల్’ అని అటూ ఇటూ రెండేసి అండర్‌స్కోర్‌లు పెట్టి చేత్తో రాయాలి. అలా రాసేవాళ్లు ఇప్పటికీ తక్కువేం లేరు.